జూట్ మిల్లు నూనె, మానని పుండు: పనిచోటి రసాయనాలూ చర్మ క్యాన్సరూ

మీరు అడిగినదాని సారాంశం ఇది. మీ నాన్నగారు విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో, నారకు నూనె పట్టించి మెత్తబరిచే బ్యాచింగ్ విభాగంలో, సాఫ్ట్‌నర్ యంత్రం దగ్గర చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన కుడి ముంజేతి మీద ఉలిపిరికాయలా మొదలైనది పుండుగా మారి ఆరు నెలలుగా మానడం లేదు. ఊళ్ళోని ఆర్‌ఎంపీ వైద్యుడు రెండుసార్లు పూతమందు మార్చి ఇచ్చినా గుణం కనిపించలేదు. మీరు పైడిభీమవరంలో మందుల కర్మాగారంలో సాల్వెంట్ల, అంటే కరిగించే ద్రవాల మధ్య పనిచేస్తున్నారు, చేతులు పగిలి మండుతున్నాయి. మీ మేనత్తగారు పలాసలో జీడిపిక్కలు కొడతారు, ఆవిడ వేళ్ళు నల్లబడి తోలు ఊడుతోంది. ఈ ముగ్గురిలో ఎవరికి చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది, అది పనివల్లే వచ్చిందని ఎలా తేల్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కర్మాగారాల్లో వైద్యుడిగా నా ఉద్యోగ జీవితం గడిచింది కాబట్టి మీరు చెప్పిన మూడు పనులూ నాకు దగ్గరగా తెలిసినవే. మూడింటికీ సమాధానం ఒకటి కాదు. మీ నాన్నగారి విషయంలో మాత్రం ఒక్క వారం కూడా ఆలస్యం చేయవద్దని ముందే చెబుతున్నాను. కారణం ఏమిటన్న చర్చ తరువాత చేసుకోవచ్చు, ఆ పుండు ముక్క పరీక్షకు వెళ్ళడం ముందు జరగాలి.

నాలుగు వారాలు దాటినా మానని పుండు, అంచులు గట్టిపడి పైకి లేచిన పుండు, తాకితే నెత్తురు చెమర్చే పుండు, చెక్కు కట్టి ఊడి మళ్ళీ కట్టే పుండు, ఇవన్నీ బయాప్సీ చేయవలసినవే. నూనెలోనో తారులోనో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి చేతిమీద ఉంటే ఇక ఆలోచించవలసిన పనే లేదు. బయాప్సీ అంటే మీరు భయపడేంత పెద్ద ఆపరేషన్ కాదు. పుండు అంచున మత్తు సూది వేసి, అటు పుండూ ఇటు మంచి చర్మమూ కలిసివచ్చేలా కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒకటి రెండు కుట్లు వేసి పంపిస్తారు. నడిమధ్య నుంచి తీస్తే చచ్చిన కండ మాత్రమే వచ్చి రిపోర్టు తేలకపోవచ్చు, అందుకే అంచు నుంచి తీస్తారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గానీ, విశాఖ కేజీహెచ్‌లో గానీ చర్మ విభాగానికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఆ చేతివైపు చంకలో బిళ్ళలు కట్టాయేమో కూడా చూడమని అడగండి.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని మన ఊళ్ళలో పాతుకుపోయిన నమ్మకం ఒకటి ఉంది. అది నిజం కాదు. ముక్క తీసినందువల్ల చర్మ క్యాన్సర్ ముదిరిపోదు, ముక్క తీయకుండా నెలలు గడపడం వల్ల ముదురుతుంది. ఉలిపిరికాయ అనుకుని సున్నమూ సబ్బుసోడా కలిపి కాల్చడం, పసరు కట్టడం, వాతలు పెట్టించడం వంటివి చేస్తే పైన మానినట్టు కనిపించి లోపల పెరుగుతుంది, తరువాత చూసే వైద్యుడికి అసలు ఆకారం తెలియకుండా పోతుంది. ఒకవేళ రిపోర్టులో పొలుసుకణ క్యాన్సర్ అని వచ్చినా, అంటే స్క్వామస్ సెల్ కార్సినోమా అని రాసినా, చిన్నదిగా ఉండగానే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీసేస్తే నూటికి తొంభైమందికి పైగా పూర్తిగా బయటపడతారు. చంక బిళ్ళలకు పాకిన తరువాత ఆ మాట అంత ధైర్యంగా చెప్పలేము. ఇది కంటికి కనిపించే చోట వచ్చే క్యాన్సర్. కంటికి కనిపిస్తూ కూడా ఆలస్యమైపోతే అంతకంటే బాధపడవలసింది ఉండదు.

జూట్ మిల్లు అనగానే నేను ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వివరించాలి. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, చిట్టివలస వంటి చోట్ల మిల్లులను నడిపిన గోగునారా జనపనారా పొడిగా ఉన్నప్పుడు పెళుసుగా ఉంటాయి, అలాగే నారను దువ్వే కార్డింగ్ యంత్రంలోకి పంపితే ముక్కలైపోతాయి. అందుకని ముందుగా నూనె, నీళ్ళు, వాటిని కలిపే పదార్థం చేర్చి చిలికిన తెల్లటి ద్రవాన్ని నార మీద చల్లుతూ, గాడులున్న రోలర్ల మధ్య నలిపి మెత్తబరుస్తారు. ఆ తడిసిన నారను గుట్టలుగా పేర్చి ఒకటి రెండు రోజులు మగ్గబెట్టి తరువాత కార్డింగ్‌కు పంపుతారు. ఇందులో వాడే నూనెను జూట్ బ్యాచింగ్ ఆయిల్ అంటారు. సంప్రదాయంగా అది పెట్రోలియం నుంచి తీసిన ఖనిజ తైలం.

సాఫ్ట్‌నర్ దగ్గర పనిచేసేవారిని పక్కన నిలబడి చూస్తే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. నార పిడికిళ్ళను రెండు ముంజేతుల మీదా వేసుకుని యంత్రానికి అందిస్తారు, అందువల్ల మోచేతి దాకా ఎప్పుడూ జిడ్డే. ముందుకు వంగి పనిచేయడం వల్ల పంట్లాం ముందుభాగం, తొడల పైభాగం నూనెతో తడిసి నల్లగా అట్టకట్టి ఉంటుంది. చేతులు తుడుచుకునే పాత తువ్వాలు నడుముకు చుట్టుకుని గానీ జేబులో కుక్కుకుని గానీ ఉంటుంది, ఆ గుడ్డలోని నూనె రోజంతా గజ్జలకు అంటుతూనే ఉంటుంది. మీ నాన్నగారి ముంజేతుల మీద, తొడల మీద వెంట్రుకల మొదట్లో నల్లటి చుక్కలూ చిన్న కురుపులూ ఉండేవేమో గుర్తు చేసుకోమనండి. మిల్లులో దాన్ని నూనె కురుపులు అని తేలిగ్గా తీసుకునేవారు. ఆ కురుపులు క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారవు కూడా. అయితే ఆ మనిషి చర్మానికి ఎంత నూనె, ఎన్నాళ్ళు అంటిందో చెప్పే సాక్ష్యం అవి.

ఈ సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు, పనివల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచం మొట్టమొదట తెలుసుకున్నదే చర్మం మీద. 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్, చిన్నతనంలో పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపిన పిల్లలకు పెద్దయ్యాక వృషణాల తిత్తి చర్మం మీద క్యాన్సర్ వస్తోందని, ఆ చర్మపు ముడతల్లో నిలిచిపోయిన మసే దానికి కారణమని రాశాడు. నూరేళ్ళ తరువాత కూడా ఇంగ్లండులో ఆ జబ్బు ఆగలేదు. 1892లో హెన్రీ బట్లిన్ అనే వైద్యుడు ఒక ప్రశ్న వేసుకున్నాడు: అదే పని చేసే జర్మనీ, బెల్జియం దేశాల వారికి ఇది ఎందుకు అరుదుగా వస్తోంది? ఆయన చూసింది ఇది: ఆ దేశాల్లో ఒళ్ళంతా కప్పే బిగుతు దుస్తులు వేసుకుని పొగగొట్టంలోకి దిగుతారు, పని కాగానే రోజూ స్నానం చేస్తారు. మసి అదే, పని అదే. చర్మం మీద అది నిలిచిన సమయం వేరు. నా మటుకు నాకు ఈ విషయంలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం మరొకటి లేదు, మిగతా అంతా దీని వివరణే.

ఆ తరువాతి వంతు నూలు మిల్లులది. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లో మ్యూల్ అనే వడికే యంత్రాల కదుళ్ళకు ఖనిజ తైలం పోసేవారు. కార్మికులు ఆ యంత్రం మీదికి వంగి తెగిన పోగులు అతికేవారు, కదుళ్ళ నుంచి చిందిన నూనె వారి దుస్తుల ముందుభాగాన్ని తడిపేది. 19వ శతాబ్దం చివర నుంచి వారిలో అదే తిత్తి క్యాన్సర్ బయటపడసాగింది, 1922 నాటికి మాంచెస్టర్ వైద్యులు దాన్ని మ్యూల్ కార్మికుల క్యాన్సర్‌గా నమోదు చేశారు. 1953లో అక్కడి ప్రభుత్వం ఆ యంత్రాలకు బాగా శుద్ధిచేసిన తెల్ల నూనె వంటివే వాడాలని నిబంధన తెచ్చింది. ఈలోగా 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేళ్ళ చెవులకు నెలల తరబడి బొగ్గుతారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపారు. 1933లో లండన్ శాస్త్రవేత్తలు రెండు టన్నుల తారు పిచ్‌ను, అంటే తారును కాచగా మిగిలే గట్టి పదార్థాన్ని, వడగట్టి, వేరుచేసి, అందులో అసలు దోషి అయిన బెంజోపైరీన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు.

బెంజోపైరీన్, దాని తోబుట్టువులైన బహువలయ హైడ్రోకార్బన్లు బొగ్గు, కట్టె, పెట్రోలియం వంటివి సగం సగం కాలినప్పుడూ బాగా వేడెక్కినప్పుడూ పుడతాయి. మసిలో, బొగ్గుతారులో, సరిగా శుద్ధిచేయని ఖనిజ తైలంలో, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో ఇవి ఉంటాయి. శ్రీకాకుళం తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవారికి అంగిట్లో వచ్చే క్యాన్సర్ సంగతి ఈ జిల్లాలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ పొగలో ఉన్నవీ ఈ కుటుంబానివే. ఇవి కొవ్వులో కరుగుతాయి కాబట్టి చర్మపు పైపొరలోకి సులువుగా ఇంకుతాయి. అక్కడి కణాలు వాటిని కడిగి బయటికి పంపే ప్రయత్నంలో వాటి రూపం మారుస్తాయి, ఆ మారిన రూపం కణంలోని డీఎన్ఏకు అతుక్కుని దాన్ని చెడగొడుతుంది. చెడిన కణం వెంటనే పెరగదు, ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండవచ్చు. దాన్ని పదేపదే రెచ్చగొట్టి పెంచే పదార్థం చర్మానికి తగులుతూ ఉంటే అప్పుడు గడ్డగా లేస్తుంది. 1980లలో లక్నోలోని పారిశ్రామిక విషశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మన జూట్ బ్యాచింగ్ నూనెనే ఎలుకల చర్మం మీద పరీక్షించినప్పుడు ఈ రెండో పనిని, అంటే చెడిన కణాలను కణితులుగా పెంచడాన్ని, అది చేస్తుందని తేలింది.

ఈ ఆలస్యం వల్లే కార్మికులు మోసపోతారు. తొలిసారి నూనె తగిలిన నాటికీ పుండు కనిపించిన నాటికీ మధ్య ఇరవై, ముప్ఫై, ఒక్కొక్కసారి నలభై ఏళ్ళు గడుస్తాయి. అప్పటికి మనిషి రిటైరై ఉంటాడు, మిల్లు మూతపడి ఉండవచ్చు. "నాతో పనిచేసినవాళ్ళందరూ బాగానే ఉన్నారు, నాకు నూనె వల్ల ఎందుకు వస్తుంది" అని మీ నాన్నగారు అన్నట్టు రాశారు. నూనె తగిలిన ప్రతివారికీ రాదు, చాలామందికి రాదు. కానీ రానివారిని చూపించి వచ్చినవారికి కారణం అది కాదని చెప్పడానికి వీల్లేదు.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నూనెలన్నీ ఒకటి కావు. లియాన్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, శుద్ధిచేయని, కొద్దిగా మాత్రమే శుద్ధిచేసిన ఖనిజ తైలాలను మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో పెట్టింది. మసి, బొగ్గుతారు, తారు పిచ్, ఆర్సెనిక్, ఎండ కూడా అదే వర్గంలో ఉన్నాయి. బాగా శుద్ధిచేసిన నూనెలు ఆ వర్గంలో లేవు. కాబట్టి మిల్లులో ఇప్పుడు పనిచేస్తున్నవారు అడగవలసిన సరైన ప్రశ్న, నూనె మంచిదా చెడ్డదా అని కాదు, దాని భద్రతా సమాచార పత్రం చూపించమని. అందులో, నూనెలోని బహువలయ హైడ్రోకార్బన్లను అంచనా వేసే ఐపీ 346 అనే పరీక్షలో 3 శాతానికి తక్కువ అని రాసి ఉంటే ఆ నూనె క్యాన్సర్ ముప్పు ముద్ర లేనిదని అర్థం. పత్రమే లేదన్నా, డ్రమ్ము మీద పేరే లేదన్నా, ఎక్కడో వాడేసిన నూనెను చవగ్గా తెచ్చి కలుపుతున్నారన్నా, గట్టిగా అడగవలసిన సందర్భం అదే.

తవుడు నూనె వంటి శాకనూనెలతో కూడా నారను మెత్తబరచవచ్చు, చేస్తున్నారు కూడా. కోకో గింజలు, కాఫీ గింజలు, ఒలిచిన పప్పులు నింపే గోనెసంచుల్లో ఖనిజ తైలపు జాడ దాదాపు ఉండకూడదని 1998లోనే అంతర్జాతీయ జూట్ సంస్థ ప్రమాణం పెట్టింది, ఎందుకంటే ఆ నూనె తిండిలోకి దిగుతుందని దిగుమతి చేసుకునే దేశాలు అభ్యంతరం చెప్పాయి. ఆ ప్రమాణం సరైనదే. సంచిలోని కాఫీ గింజ కోసం మార్చగలిగిన నూనెను, రోజూ ఎనిమిది గంటలు దానిలో మోచేతులు ముంచే మనిషి కోసం కూడా మార్చాలని నేను చాలాచోట్ల వాదించాను, ఇప్పుడూ వాదిస్తాను.

ఇదే కోవలోకి వచ్చే పనులు మన దగ్గర మరికొన్ని ఉన్నాయి. గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లోని ఇనుప మిశ్రమ లోహాలు తయారుచేసే ఫెర్రో ఎల్లాయ్ కొలుముల్లో ఎలక్ట్రోడ్ తయారీకి వాడే ముద్దలో బొగ్గుతారు పిచ్ కలుస్తుంది. దాని దిమ్మలను పగలగొట్టి కొలిమి పైఅంతస్తులో నింపేవారికి దుమ్మూ ఆవిరీ ముఖానికీ మెడకూ చేతులకూ పడతాయి. పిచ్ దుమ్ము పడిన చర్మానికి ఎండ తగిలితే కారం పూసినట్టు మండుతుంది, ఎండా పిచ్ దుమ్మూ కలిస్తే ఒకదాని చెడును మరొకటి పెంచుతుంది. అందువల్ల పిచ్ పనిని ఎండపొడ లేని వేళల్లో పెట్టడం, పని ముగియగానే స్నానం చేసి బయటికి రావడం చిన్న విషయాలు కావు. ఇలాంటి కొలుముల దగ్గర ఎదురయ్యే క్రోమియం లోహం సంగతి వేరు. ఆరు వేలెన్సీ క్రోమియం చర్మానికి గుండ్రటి లోతైన పుండ్లు చేస్తుంది, కానీ దాని క్యాన్సర్ ముప్పు ప్రధానంగా ఊపిరితిత్తులకు. ఇక మోటారు మెకానిక్ షెడ్లలో పిల్లలు వాడేసిన ఇంజిన్ ఆయిల్‌తో చేతులు నల్లగా చేసుకుని, అదే నూనెతో గొలుసులు తుడిచి, పెట్రోలుతో చేతులు కడుక్కోవడం రోజూ చూస్తున్నాము. కొత్త నూనెలో లేనంత బెంజోపైరీన్ ఇంజిన్‌లో కాగిన పాత నూనెలో చేరుతుంది. షెడ్డు యజమానులు ఈ ఒక్క మాట విన్నా చాలు.

ఆర్సెనిక్ గురించి కూడా మీ నాన్నగారిని ఒక ప్రశ్న అడగండి. అరచేతుల్లో, అరికాళ్ళలో మొక్కజొన్న గింజల్లా గట్టి బొడిపెలు, ఒంటి మీద వాన చినుకుల్లా తెల్లమచ్చలూ నల్లమచ్చలూ ఉంటే ఆర్సెనిక్ గుర్తుకు రావాలి. అది పాత పురుగుమందుల నుంచీ, కొయ్యకు పూసే మందుల నుంచీ, కొన్ని నాటు మందుల్లో కలిపే పాషాణం నుంచీ రావచ్చు. ఆయన ఎప్పుడైనా ఉబ్బసానికో సోరియాసిస్‌కో పేరు తెలియని భస్మం ఏళ్ళ తరబడి తిన్నారేమో తెలుసుకుని వైద్యుడికి చెప్పండి. పాత కాలిన మచ్చ మీద, ఏళ్ళ తరబడి మానని పుండు మీద కూడా ఇదే క్యాన్సర్ రావచ్చు, అందుకని ఆ చోట ఇదివరకు ఏదైనా గాయం ఉందా అన్నదీ చెప్పాలి.

ఇప్పుడు మీ చేతుల సంగతి. టొలువీన్, అసిటోన్, మిథనాల్, మిథిలీన్ క్లోరైడ్ వంటి సాల్వెంట్లు చర్మంలోని కొవ్వును లాగేస్తాయి, అందుకే పగుళ్ళూ మంటా. ఇది చర్మశోథ, దీనివల్ల చర్మ క్యాన్సర్ వస్తుందని రుజువు లేదు. కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. అయితే పగిలిన చర్మం తలుపు తీసి ఉంచిన ఇల్లు. డీఎంఎఫ్ అనే సాల్వెంట్ చర్మం గుండానే ఒంట్లోకి పోయి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, బెంజీన్ పీలిస్తే రక్త క్యాన్సర్ వస్తుంది. మీ విషయంలో చూడవలసిన ముప్పు చర్మం మీద కాదు, లోపల ఉంది. మీకు ఇచ్చే పల్చటి నీలం నైట్రైల్ తొడుగులు నూనెకు చక్కగా పనికివస్తాయి కానీ మిథిలీన్ క్లోరైడ్ కొన్ని నిమిషాల్లోనే వాటిలోనుంచి దిగిపోతుంది. తొడుగు చిరగలేదు కదా అని మీరు అనుకుంటారు, లోపల చేయి చల్లగా అనిపించినప్పుడే అది దాటేసింది. డీఎంఎఫ్‌కు బ్యుటైల్ రబ్బరు తొడుగులు, మిథిలీన్ క్లోరైడ్‌కు పొరలుపొరలుగా చేసిన లామినేట్ తొడుగులు అడగండి. చేతులకు అంటిన మరకను సాల్వెంట్‌తో తుడవడం ఈ రోజు నుంచే మానేయండి. కాలేయ పరీక్ష, పూర్తి రక్త పరీక్ష ఏడాదికోసారి చేయించి ఆ కాగితాల నకలు మీ దగ్గర పెట్టుకోండి.

మీ మేనత్తగారిది మరో దారి. జీడిపిక్క పెంకులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే ఘాటైన పదార్థాలున్న నూనె ఉంటుంది, అది చర్మాన్ని కాలుస్తుంది, నల్లబరుస్తుంది, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేపుతుంది. మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన వాటి జాబితాలో అది లేదు. ఆవిడకు కావలసింది క్యాన్సర్ పరీక్ష కాదు, చేతులకు సరైన రక్షణ. బూడిద, ఆముదం రాసుకోవడం కొంతవరకు అడ్డుకుంటుంది కానీ మధ్యాహ్నానికి అవి చెరిగిపోతాయి, అందుకని పని మధ్యలో కడిగి మళ్ళీ రాసుకోవాలి. పిక్కలు కొట్టిన చేతులతో ముఖం, కళ్ళు ముట్టుకోకూడదు. వేళ్ళ మీద ఒకేచోట మానని పుండు ఏదైనా ఉంటే మాత్రం పైన చెప్పిన నాలుగు వారాల లెక్క ఆవిడకూ వర్తిస్తుంది.

నూనె పనిలో ఉన్నవారికి రక్షణ గురించి నా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంటుంది. తొడుగులు ఇచ్చేశాము కాబట్టి బాధ్యత తీరిందని యాజమాన్యాలు అనుకుంటాయి. గుడ్డ తొడుగులు గంటలో నూనె పీల్చుకుని, ఆ నూనెను షిఫ్టు అంతా చర్మానికి అదిమి పెడతాయి, వాటికంటే ఉత్త చేతులే నయం. పైగా రోలర్ల దగ్గర తొడుగు చిక్కుకుంటే చేయే పోతుంది, అక్కడ ఎవరినీ తొడుగు వేసుకోమని నేను చెప్పను. రోలర్లకు కంచె ఉండాలి, చల్లే ద్రవం చిందకుండా మూత ఉండాలి, నార మోసేవారికి నూనె దిగని ఏప్రన్ ఉండాలి. తుడుచుకునే గుడ్డ జేబులోకి, నడుములోకి పోకూడదు. తడిసిన పంట్లాం ఆ పూటే మారాలి. పని బట్టలు మిల్లులోనే ఉతకాలి, వాటిని ఇంటికి పంపితే మీ అమ్మగారి చేతులకు ఆ నూనె అంటుతుంది. కిరోసిన్‌తో చేతులు కడుక్కుంటే జిడ్డు పోతుంది కానీ చర్మపు రక్షణ పొర కూడా పోయి, మర్నాటి నూనె మరింత లోతుకు దిగుతుంది. ముందు కొద్దిగా కొబ్బరి నూనెతో తుడిచి, తరువాత సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో కడగడం మేలు. భోజనానికి ముందు ఒకసారి, షిఫ్టు దిగగానే మెడ నుంచి తొడల దాకా ఒకసారి కడుక్కోవాలి. ఇందుకు కుళాయిలూ సబ్బూ స్నానపు గదీ ఇవ్వడం యాజమాన్యం దయ కాదు, 1948 ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షన్ కడుక్కునే సదుపాయాలను తప్పనిసరి చేసింది.

చట్టం మాట వచ్చింది కాబట్టి, మీ రెండో ప్రశ్న. బయాప్సీలో క్యాన్సర్ అని తేలితే అది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధే. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోని జబ్బుల్లో చర్మపు ఎపిథీలియల్ క్యాన్సర్, అంటే పైపొర క్యాన్సర్ ఉండేది, దాన్ని చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తెలపాలని 89వ సెక్షన్ చెప్పేది. 1923 ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులోనూ తారు, పిచ్, బిటుమెన్, ఖనిజ తైలం వంటివాటి వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ పేరు పెట్టి ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టాల స్థానంలో అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో కూడా ఈ జబ్బు కొనసాగుతోంది. ఉద్యోగంలో ఉండగా ఈ జబ్బు వచ్చినవారి విషయంలో చట్టం ఆ సంబంధాన్ని తనంతట తాను ఊహిస్తుంది, కాదని చూపవలసిన భారం ఎదుటివారిది; మీ నాన్నగారిలా ఉద్యోగం ముగిశాక వచ్చినవారు మాత్రం ఆ నూనెలో పనిచేశామని, జబ్బు ఆ పనివల్లే వచ్చిందని చూపవలసి ఉంటుంది. క్లెయిముకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి రిపోర్టు రాగానే యూనియన్ ద్వారా గానీ కార్మిక శాఖ కార్యాలయంలో గానీ అడగండి.

ఈ రుజువు ఆసుపత్రి చీటీ మీదే మొదలవుతుంది, అక్కడే పోతుంది కూడా. ఓపీ చీటీలో వృత్తి అన్నచోట కూలి అనో ఖాళీగా ఉన్నారనో రాసేస్తారు. మీ నాన్నగారు గదిలోకి వెళ్ళగానే "జూట్ మిల్లు బ్యాచింగ్ విభాగంలో ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా, ముంజేతులకు ఖనిజ తైలం రోజూ తగిలేది" అని చెప్పి, ఆ వాక్యం కేసు షీటులో రాయమని మర్యాదగా, కానీ పట్టుబట్టి అడగండి. పాత ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ చీటీలు, జీతం స్లిప్పులు, విభాగం పేరున్న గేటు పాసు, ఏది దొరికితే అది ఒక సంచిలో పెట్టండి. ఆయన కనీసం అయిదేళ్ళు ఈఎస్ఐ చందాదారుగా ఉండి వయసు నిండి రిటైరయ్యారు కాబట్టి, ఏడాదికి 120 రూపాయలు కడితే ఆయనకూ మీ అమ్మగారికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. చాలామంది దీన్ని వాడుకోవడం లేదు. ఆపరేషన్ అవసరమై ఈఎస్ఐ కుదరకపోతే ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ సెంటర్ నడిపేది, అక్కడికి రిఫరల్ అడగవచ్చు.

బ్యాచింగ్‌లో ఆయనతో పనిచేసిన వారందరికీ ఈ కబురు చేరవేయమని మీ నాన్నగారికి చెప్పండి. ముంజేతులు, వేళ్ళు, చెవులు, కనురెప్పలు, మెడ, తొడలు, వృషణాల తిత్తి, ఈ చోట్లను నెలకోసారి వెలుతురులో చూసుకోవాలి. తిత్తి మీద చిన్న ఉలిపిరికాయ ఉంటే సిగ్గుపడి భార్యకు కూడా చెప్పనివారు ఉంటారు. సుఖవ్యాధి అనుకుంటారేమోనన్న భయంతో ఆ సిగ్గు వారిని ఏళ్ళ తరబడి ఆసుపత్రికి దూరంగా ఉంచుతుంది. అది నూనె పనివల్ల వచ్చే జబ్బని, నడత వల్ల వచ్చేది కాదని తోటి కార్మికుడే చెబితే వింటారు, వైద్యుడు చెప్పినదానికంటే ఎక్కువగా వింటారు.